తొలగించిన కోచ్‌కు మళ్ళీ కొలువు ఎలా దొరుకుతుంది? టర్ఫ్ అద్దె పందెం మీద నా తీర్పు

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి కాబట్టి, ముందు దాన్ని నా మాటల్లో ఒకసారి చెప్పి ఆ తర్వాత జవాబులోకి వెళతాను. మీరు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ టాటెన్‌హామ్ అభిమాని. 2025 జూన్‌లో ఆ క్లబ్ తొలగించిన కోచ్ యాంజ్ పోస్టెకోగ్లూను సెప్టెంబరులో అక్కడి మరో క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తీసుకున్నప్పుడు, టోలిచౌకిలో మీతోపాటు టర్ఫ్ (అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానం) మీద ఆడే మిత్రుడొకరు "ఒక క్లబ్ వెళ్లగొట్టిన మనిషిని ఏడాది తిరగకుండా నెత్తిన పెట్టుకున్న క్లబ్ ఎప్పుడూ బాగుపడదు" అన్నారు. మీరు తప్పకుండా బాగుపడుతుందన్నారు. ఒక నెల టర్ఫ్ అద్దె పందెం కట్టుకున్నారు. 39 రోజులకే ఫారెస్ట్ కూడా ఆయనను పంపించేసింది. ఇప్పుడు మీ మిత్రుడు అద్దె అడుగుతున్నారు; మీరు తొలగింపు తర్వాత మళ్ళీ పెద్ద క్లబ్బులలో చేరిన కోచ్‌లు మొరిన్హో, ట్యూకెల్ పేర్లు చెప్పి కట్టనంటున్నారు. పందెంలో ఎవరిది గెలుపు, అసలు ఇలాంటి కోచ్‌లకు కొలువులు ఎందుకు దొరుకుతాయి అని అడిగారు. పందెం సంగతి చివర చెబుతాను, ఎందుకంటే రెండో ప్రశ్న తేలకుండా మొదటిది తేలదు.

నేను జంటనగరాలలో 30 ఏళ్లకు పైగా పాఠశాల జట్లకు, ప్రభుత్వ శాఖల జట్లకు శిక్షణ ఇచ్చాను. ఉద్వాసన రుచి కూడా చూశాను. ఆ కథ కింద వస్తుంది. అందుచేత ఈ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉందని మీరు అనుకుంటే తప్పు పట్టను.

ముందుగా తొలగింపు అంటే ఏమిటో సరిగా చూడాలి. అభిమానులు దాన్ని పరీక్షలో తప్పినట్లుగా చూస్తారు. క్లబ్ కార్యాలయంలో మాత్రం అది చాలాసార్లు క్యాలెండరుకు సంబంధించిన వ్యవహారం. ఇంగ్లండ్‌లో వేసవి ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్లను కొనడానికీ అమ్మడానికీ ఇచ్చే గడువు, సెప్టెంబరు మొదట్లో మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకునేది జనవరిలోనే. ఈ మధ్యకాలంలో జట్టు వరుసగా ఓడిపోతుంటే యజమాని చేతిలో మార్చడానికి ఏముంది? ఎడమ వైపు డిఫెండర్ నెమ్మదిగా పరుగెత్తుతున్నాడని తెలిసినా కొత్తవాడిని కొనలేడు, రెండు నెలల కిందట తానే భారీ ధర పెట్టి కొన్న ఫార్వర్డ్ గోల్ కొట్టడం లేదని తెలిసినా అమ్మలేడు, తప్పు తనదేనని అభిమానుల ముందు ఒప్పుకోనూ లేడు. జీతాల పట్టీలో ఆ వారమే మార్చడానికి వీలైన పెద్ద పేరు ఒక్కటే ఉంటుంది, అది కోచ్ పేరు. నెదర్లాండ్స్ అగ్రశ్రేణి లీగులో 1986 నుంచి 2004 వరకు జరిగిన కోచ్ మార్పులను పరిశీలించిన ఒక అధ్యయనం, కోచ్‌ను మార్చిన క్లబ్బులనూ అదే దుస్థితిలో ఉండి మార్చని క్లబ్బులనూ పోల్చి చూసి, మార్చడం వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదని తేల్చింది. రెండు రకాల జట్లూ కొన్ని వారాలకు దాదాపు ఒకేలా కోలుకున్నాయి. కొత్త కోచ్ రాగానే గెలుపు వచ్చిందని మనం సంబరపడే మ్యాచ్‌లలో చాలావాటిని పాత కోచ్ కూడా గెలిచి ఉండేవాడేమో!

కాబట్టి "తొలగించారు" అన్న ఒక్క మాట నుంచి ఆ మనిషి ప్రతిభ గురించి మనకు తెలిసేది తక్కువ. ఎందుకు తొలగించారు, ఎప్పుడు తొలగించారు, ఆయన చేతికి ఎలాంటి జట్టును ఇచ్చి తొలగించారు అన్నవే అసలు సమాచారం.

పోస్టెకోగ్లూనే తీసుకోండి. 2025 మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి టాటెన్‌హామ్‌కు యూరోపా లీగ్ కప్పు తెచ్చారు. 2008 తర్వాత ఆ క్లబ్ గెలిచిన మొదటి కప్పు అదే. అదే సీజన్‌లో లీగ్ పట్టికలో 17వ స్థానంలో నిలిచారు, 22 మ్యాచ్‌లు ఓడిపోయారు. కప్పు గెలిచిన 16 రోజులకు ఉద్వాసన పలికారు. దీన్ని విజయం అనాలా, వైఫల్యం అనాలా అని మీరూ మీ మిత్రుడూ తెల్లవార్లూ వాదించుకోవచ్చు. నా దృష్టిలో అందులో ఒక స్పష్టమైన కబురు ఉంది. ఈ కోచ్ ఒక్కో మ్యాచ్‌కు పకడ్బందీగా సిద్ధం చేయగలడు, కానీ వారం వారం సాగే లీగులో ఆయన ఆటతీరు జట్టును అలసటకూ గాయాలకూ ఎదురుదాడులకూ వదిలేస్తుంది. అది తెలిసి తీసుకునే క్లబ్ వేరు, తెలియకుండా తీసుకునే క్లబ్ వేరు.

ఇక మీరు అడగని విషయం ఒకటి, డబ్బు గురించి. అభిమానుల వాదనల్లో ఇది ఎప్పుడూ రాదు గాని, కొలువులు ఇంత త్వరగా దొరకడానికి ఇది కూడా ఒక కారణం. ఫలితాలు బాగాలేవన్నది సాధారణంగా ఒప్పందం రద్దు చేయడానికి న్యాయమైన కారణం కిందికి రాదు. మూడేళ్ల ఒప్పందంలో ఏడాదికే పంపించేస్తే మిగిలిన రెండేళ్ల జీతానికి క్లబ్ జవాబు చెప్పాలి. 2021 జనవరి 1 నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా తన నిబంధనలలో కోచ్‌ల ఒప్పందాల కోసం ప్రత్యేక అనుబంధం చేర్చింది; ఒక దేశపు కోచ్, వేరొక దేశపు క్లబ్ లేదా సమాఖ్య మధ్య వచ్చే తగాదాలు దాని కిందికి వస్తాయి. ఒప్పందంలో వేరే షరతు ఏదీ రాసుకోకపోతే, కోచ్‌కు రావలసిన పరిహారం మిగిలిన కాలపు జీతం. అయితే ఆ కాలంలో ఆయనకు మరోచోట కొలువు దొరికితే, అక్కడ వచ్చే జీతాన్ని ఈ పరిహారంలోంచి తీసివేస్తారు.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. తాను వెళ్లగొట్టిన మనిషికి రేపే మరో క్లబ్ దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకునేది పాత యజమానే! ఆయన ఇంట్లో కూర్చుంటే నెల నెలా చెల్లించాలి. ఎక్కడో చేరితే భారం తగ్గుతుంది. అందుకే తొలగించిన మర్నాడు పాత క్లబ్ ఆయన గురించి ఎక్కడా చెడు మాట్లాడదు, "ఆయన సేవలకు కృతజ్ఞతలు" అని మర్యాదగా ప్రకటన ఇచ్చి ఊరుకుంటుంది. మన దేశంలో ఈ లెక్క ఎంత గట్టిగా ఉంటుందో 2024లో చూశాం. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో భారత్ మూడో రౌండుకు చేరకపోవడంతో జూన్‌లో ఇగోర్ స్టిమాచ్‌ను అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తొలగించింది. ఆయన ఒప్పందం 2026 వరకు ఉంది. బకాయిలు పది రోజుల్లో చెల్లించకపోతే ఫిఫాకు వెళతానని ఆయన ప్రకటించారు, చివరకు నాలుగు లక్షల డాలర్ల దగ్గర సెటిల్‌మెంటు కుదిరింది. పంపించడం సులువే, బిల్లు కట్టడమే కష్టం.

ఇప్పుడు తీసుకునేవారి వైపు వద్దాం. మొరిన్హో విషయం మీరు ప్రస్తావించారు గనుక దానితోనే మొదలుపెడతాను, అంతకంటే విచిత్రమైన ఉదాహరణ ఈ మధ్యకాలంలో లేదు. 2025 ఆగస్టు 27న ఛాంపియన్స్ లీగ్ అర్హత పోరులో టర్కీ క్లబ్ ఫెనర్‌బాచేను పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికా 1-0తో ఇంటికి పంపింది. రెండు రోజులకు ఫెనర్‌బాచే మొరిన్హోను తొలగించింది. సెప్టెంబరు 16న బెన్‌ఫికా సొంత మైదానంలో అజర్‌బైజాన్ క్లబ్ కరబాగ్ చేతిలో 3-2తో ఓడి తన కోచ్ బ్రూనో లాజేను తొలగించింది. సెప్టెంబరు 18న మొరిన్హో బెన్‌ఫికా కోచ్ అయ్యారు. మరింత తమాషా ఏమిటంటే, ఆగస్టు 27న బెన్‌ఫికా తరఫున ఆ ఒక్క గోల్ కొట్టిన కెరెమ్ అక్తుర్‌కోలును సెప్టెంబరు తొలివారంలోనే ఫెనర్‌బాచే కొనుక్కుంది. ఓడించిన ఆటగాడు ఓడిన జట్టుకు, ఓడిన కోచ్ గెలిచిన జట్టుకు చేరారు. ఈ కుర్చీలాట చూసి మీ మిత్రుడికి ఒళ్లు మండటంలో ఆశ్చర్యం లేదు.

కానీ బెన్‌ఫికా ఏం కొనుక్కుందో చూడండి. ఆ క్లబ్‌లో అధ్యక్షుణ్ణి సభ్యులే ఓటు వేసి ఎన్నుకుంటారు, ఆ ఏడాది ఎన్నికలు అక్టోబరులో జరగాల్సి ఉంది. సొంతగడ్డపై మూడు గోల్స్ తిని ఓడిన వారంలో, ఎన్నికలకు నెల రోజుల ముందు, ఒక కుర్ర కోచ్‌ను తెచ్చి "ఓపిక పట్టండి" అని సభ్యులకు చెప్పగలిగే అధ్యక్షుడు ఎక్కడా ఉండడు. 2000లో అదే క్లబ్‌లో కొద్ది వారాలు పనిచేసి వెళ్లి, ఆ తర్వాత పోర్టోతోనూ ఇంటర్ మిలాన్‌తోనూ యూరప్ కప్పులు గెలిచిన పోర్చుగీసు మనిషి ఖాళీగా ఉన్నాడు. ఆయన సంతకం చేసిన రోజున ఎవరూ అధ్యక్షుణ్ణి ప్రశ్నించరు. ఇది నా ఊహే గాని గట్టి ఊహ. చాలా నియామకాలలో క్లబ్ కొనుక్కునేది ముందు విమర్శ నుంచి రక్షణ, ఆ తర్వాతే ఆటతీరు. పేరున్న మనిషి ఓడిపోతే తప్పు ఆయనది, పేరు లేని మనిషి ఓడిపోతే తప్పు తెచ్చినవాడిది.

దీనికి తోడు అభ్యర్థుల సంఖ్య మనం అనుకున్నంత పెద్దది కాదు. యూరప్ అగ్రశ్రేణి లీగుల్లో ప్రధాన కోచ్‌కు యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య (యూఈఎఫ్ఏ) ఇచ్చే ప్రో లైసెన్సు కావాలి, మన దగ్గర ఆసియా సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఇచ్చే ప్రో లైసెన్సు. అది ఉండి, పెద్ద డ్రెస్సింగ్ రూమును నడిపిన అనుభవం ఉండి, అక్టోబరు నెలలో ఖాళీగా ఉన్నవారెవరు? ఖాళీగా ఉన్నాడంటేనే ఎవరో తొలగించి ఉంటారు. సీజన్ మధ్యలో దొరికే కోచ్‌లలో ఎక్కువమంది తొలగింపునకు గురైనవారే కావడం కుట్ర కాదు, లెక్క. పోస్టెకోగ్లూ వెళ్లాక ఫారెస్ట్ తెచ్చిన షాన్ డైచ్‌ను ఎవర్టన్ అదే ఏడాది జనవరిలో పంపించింది. పోస్టెకోగ్లూ కోసం ఫారెస్ట్ తొలగించిన పాత కోచ్ నూనో మూడు వారాలలోపే వెస్ట్ హామ్‌లో చేరారు. ఆయన కోసం వెస్ట్ హామ్ తొలగించిన గ్రాహం పాటర్ అక్టోబరులో స్వీడన్ జాతీయ జట్టు కోచ్ అయ్యారు.

నా సొంత అనుభవం ఇక్కడ చెబితే పనికొస్తుంది. 1990ల చివర్లో నేను ఒక శాఖ జట్టుకు కోచ్‌ని. లీగులో వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడాక కార్యదర్శి పిలిచి, "రేపటి నుంచి రావద్దండి" అన్నారు. నాకు చాలా బాధ కలిగింది, కోపం కూడా వచ్చింది, ఎందుకంటే ముఖ్యమైన ముగ్గురు ఆటగాళ్లకు సరిగ్గా మ్యాచ్ రోజులలోనే డ్యూటీ వేసేవారు. ఇరవై రోజులు తిరగకుండానే మరో జట్టు వారు పిలిచారు. నేను డిఫెన్స్ బాగా నేర్పుతానని విన్నామన్నారు. పాత జట్టులో ఏం జరిగిందని అడిగితే, డ్యూటీల సంగతి చెప్పి ఊరుకున్నాను. చెప్పనిది ఇంకొకటి ఉంది. నిదానంగా పరుగెత్తే ఇద్దరు స్టాపర్‌లను (మధ్య డిఫెండర్లను) పెట్టుకొని, వానాకాలపు బురద మైదానంలో, ఆఫ్‌సైడ్ ట్రాప్ (డిఫెండర్లంతా ఒక్కసారిగా ముందుకు జరిగి ఎదుటి ఫార్వర్డ్‌లను ఆఫ్‌సైడ్‌లో పడేసే ఎత్తు) ఆడించాలని పట్టుబట్టింది నేనే. నాలుగు ఓటములలో కనీసం రెండు ఆ మొండితనం వల్ల వచ్చినవి. కొత్త జట్టులోనూ మొదటి రోజు నుంచి అదే ట్రాప్ నేర్పాను, మొదటి రెండు మ్యాచ్‌లలో అవే గోల్స్ తిన్నాం. మూడో మ్యాచ్‌కు ముందు ఆ జట్టు గోల్‌కీపర్, నాకంటే పెద్దవాడు, పక్కకు పిలిచి, "సార్, లైన్ రెండు అడుగులు వెనక్కి జరపండి, నేను చూసుకుంటాను" అన్నాడు. జరిపాను. ఆ సీజన్ పరువుగా ముగిసింది.

అప్పటినుంచి ఎవరినైనా తొలగించారని విన్నప్పుడు నేను ఒకటే అడుగుతాను: ఆ ఓటములకు కారణాలలో ఏవి పాత క్లబ్ దగ్గరే ఉండిపోతాయి, ఏవి ఆయన పెట్టెలో సర్దుకుని కొత్త ఊరికి వెళతాయి? డ్యూటీలు పాత కార్యాలయంలోనే ఉండిపోయాయి. ట్రాప్ నాతోనే వచ్చింది.

ఈ కొలబద్దతో ఫారెస్ట్ నియామకాన్ని చూస్తే, పందెం కట్టే ముందు మీరు నన్ను అడిగి ఉంటే బాగుండేదనిపిస్తుంది. 2024-25లో నూనో ఆ జట్టును ఏడో స్థానంలో నిలిపారు. ఎలా? డిఫెన్స్‌ను పెనాల్టీ బాక్సు దగ్గర దట్టంగా నిలబెట్టి, బంతిని ఎదుటివాళ్లకు వదిలేసి, దొరికినప్పుడు కౌంటర్ ఎటాక్ చేసి. ఫార్వర్డ్ క్రిస్ వుడ్ ఆ పద్ధతిలోనే లీగులో 20 గోల్స్ కొట్టాడు. డిఫెండర్లు మురిల్లో, మిలెంకోవిచ్ ఇద్దరూ తమ బాక్సులో వచ్చిన బంతిని తలతో తరిమికొట్టడంలో ఘనులు. నూనో వెళ్లిపోయింది కూడా ఆట వల్ల కాదు, యజమానితో సంబంధం చెడటం వల్ల. అలాంటి జట్టును, సీజన్ మొదలైపోయాక, ప్రీ సీజన్ శిక్షణ లేకుండా, ట్రాన్స్‌ఫర్ విండో మూసుకున్నాక, డిఫెన్స్ లైనును దాదాపు సగం మైదానం దాకా జరిపి ఆడించే కోచ్ చేతికి ఇచ్చారు. పైగా వారం మధ్యలో యూరోపా లీగ్ మ్యాచ్‌లు ఉండటంతో కొత్త పద్ధతి నేర్పడానికి శిక్షణ రోజులే మిగలలేదు. ఆయన తన పద్ధతి మార్చుకునే మనిషి కాదని టాటెన్‌హామ్‌లో రెండేళ్లు అందరూ చూశారు. ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు, రెండు డ్రా అయ్యాయి. అక్టోబరు 18న చెల్సీ చేతిలో 3-0తో ఓడిన కొన్ని నిమిషాలకే తొలగింపు ప్రకటన వచ్చింది. ఇందులో పోస్టెకోగ్లూ తప్పు ఉంది, కానీ ఆయనను పిలిచిన వారి తప్పు అంతకంటే పెద్దది. మామిడి తోటలో వరి నాటిన రైతు పంట రాలేదని నాగలిని నిందించినట్టుంది.

థామస్ ట్యూకెల్ కథ దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది, ఆయన కూడా సీజన్ మధ్యలోనే వచ్చారు కాబట్టి మీ మిత్రుడు తప్పించుకోలేని ఉదాహరణ ఇది. 2020 ఆగస్టులో పారిస్ సెయింట్ జెర్మెయిన్‌ను ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు తీసుకెళ్లారు, డిసెంబరులో ఆ క్లబ్ ఆయనను తొలగించింది. 2021 జనవరి 26న చెల్సీ తీసుకుంది; మర్నాడే మొదటి మ్యాచ్. మే 29న పోర్టో నగరంలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తుకున్నారు. నాలుగు నెలలు! అక్కడ ఆయన చేసింది చూడటానికి చిన్న మార్పు. వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లను (మధ్య డిఫెండర్లను) పెట్టారు, ఆ ముగ్గురి మధ్యలో పారిస్‌లో తనతో రెండేళ్లు పనిచేసిన థియాగో సిల్వాను నిలబెట్టారు. అంతకు ముందు వేసవిలో చెల్సీ విపరీతంగా ఖర్చు పెట్టి ఆటగాళ్లను కొని ఉంది. సరుకు అంతా ఇంట్లోనే ఉంది, అమర్చే చెయ్యి కావాలి. పారిస్‌లో ఆయన కొలువు పోవడానికి పెద్ద కారణం పైవాళ్లతో పడకపోవడం. ఆ తగాదా చెల్సీ డ్రెస్సింగ్ రూములోకి రాలేదు. (ఏడాదిన్నర తర్వాత కొత్త యజమానులు వచ్చాక, 2022 సెప్టెంబరులో, అటువంటి తగాదాయే మళ్ళీ వచ్చి అక్కడా కొలువు పోయింది. పెట్టెలో అది కూడా ఉందన్నమాట.)

క్లాడియో రానియెరీ సంగతి అందరికీ తెలిసిందే గనుక క్లుప్తంగా చెబుతాను. గ్రీస్ జట్టు సొంతగడ్డపై ఫారో దీవుల చేతిలో 1-0తో ఓడగానే 2014 నవంబరులో ఆయనను ఇంటికి పంపారు. 2015 జులైలో లెస్టర్ తీసుకుంటే నవ్వినవారే ఎక్కువ. 2016లో లీగ్ గెలిచారు. ఆయన అక్కడ చేసిన గొప్ప పని పాత కోచ్ కట్టిన జట్టును కెలకకపోవడం. ఉనాయ్ ఎమెరీని ఆర్సెనల్ 2019 నవంబరులో తొలగించింది. 2021లో స్పెయిన్ క్లబ్ విల్లారియల్ కోచ్‌గా సెమీఫైనల్లో అదే ఆర్సెనల్‌ను ఓడించి యూరోపా లీగ్ గెలిచారు.

ఇంత దూరం ఎందుకు, గచ్చిబౌలికి రండి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో మొదలైంది. తొలి కోచ్ ఫిల్ బ్రౌన్, ఒకప్పుడు హల్ సిటీని ఇంగ్లండ్ అగ్రశ్రేణికి చేర్చిన మనిషి. 12 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపుతో 2020 జనవరిలో పంపించారు. తర్వాత ఆల్బర్ట్ రోకా వస్తారనుకుంటే ఆయన బార్సిలోనాకు వెళ్లిపోయారు. సీజన్‌కు ముందు హడావిడిగా మనోలో మార్కెజ్‌ను తెచ్చారు. ఆ వేసవిలో ఆయన గతాన్ని తిరగేసినవారికి ఏం కనిపించింది? 2017లో స్పెయిన్ అగ్రశ్రేణిలో లాస్ పాల్మాస్ జట్టుతో ఆయన కొలువు సెప్టెంబరు దాటలేదు. తర్వాత క్రొయేషియా, ఆ తర్వాత థాయిలాండ్. మీ మిత్రుడి కొలబద్ద ప్రకారం ఆయనను విమానాశ్రయం నుంచే వెనక్కి పంపించాలి. ఆయన కుర్రాళ్లకు చోటిచ్చారు, ఓపికగా బంతిని ఆడించారు. రెండో సీజన్‌లో, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో హైదరాబాద్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది; గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన ఆ రాత్రి మీరూ మీ మిత్రుడూ బహుశా ఒకే టీవీ ముందు గంతులు వేసి ఉంటారు. ఈ నగరానికి దక్కిన ఏకైక ఐఎస్ఎల్ కప్పు, స్పెయిన్‌లో కొలువు వారాల్లోనే ముగిసిన మనిషి తెచ్చినది.

అదే మార్కెజ్ తర్వాతి కథ నా వాదనకు ఇంకా మంచి సాక్ష్యం. 2024-25లో ఆయన ఒకేసారి రెండు కొలువులు చేశారు, ఎఫ్‌సీ గోవాకూ భారత జట్టుకూ. గోవా లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచి, సూపర్ కప్ గెలిచింది. భారత జట్టుకు ఎనిమిది మ్యాచ్‌లలో ఒకే గెలుపు, అది కూడా మాల్దీవుల మీద. మన గచ్చిబౌలిలోనే సిరియా చేతిలో 3-0 ఓటమి చూశాం. మనిషి ఒక్కడే, సంవత్సరం ఒక్కటే, ఆటగాళ్లతో గడిపే రోజులు వేరు. రోజూ మైదానంలో నేర్పుకుంటూ పోయే కోచ్‌కు, రెండు నెలలకోసారి నాలుగు రోజులు ఆటగాళ్లను చూసే జాతీయ జట్టు కొలువు సరిపడలేదు. 2025 జులైలో పరస్పర అంగీకారంతో ఆయన వైదొలిగారు.

అన్నట్టు, కోచ్‌ల మీద మనం వేసే లెక్కలు ఎంత అన్యాయంగా ఉంటాయో కూడా హైదరాబాద్ ఎఫ్‌సీయే చూపించింది. 2023-24లో ఆర్థిక ఇబ్బందులు, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోవడంపై నిషేధం, అనుభవజ్ఞుల నిష్క్రమణ. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్లతో 22 మ్యాచ్‌లు ఆడించి ఒక్కటి గెలిచారు. ఆ "22లో 1" ఆయన పేరు పక్కనే రాసి ఉంటుంది, ఖాళీ ఖజానా పేరు పక్కన కాదు. 2024 డిసెంబరులో ఆయనా వెళ్లారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి వెళ్లిపోయింది.

పాత తరం కోసం ఒక మాట చేర్చనివ్వండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన భారత జట్టు కోచ్ మన నగరపు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ ఒక్క స్కోరు చూసి ఆయన పని అయిపోయిందని తేల్చి ఉంటే, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం గాని, 1962 జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో ఆసియా క్రీడల స్వర్ణం గాని మనకు ఉండేవి కావు. ఆ పది గోల్స్ వెనక చలిలో వట్టి కాళ్లతో ఆడిన ఆటగాళ్లున్నారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఇంత చెప్పినా మీ మిత్రుడి కోపంలో ఒక భాగం పూర్తిగా న్యాయమైనది, దాన్ని మీరు నవ్వి తోసేయకూడదు. తొలగించినవారికే మళ్ళీ మళ్ళీ కొలువులు దొరికే చోట, ఒక్కసారి కూడా అవకాశం రానివారు గుమ్మం బయటే నిలబడి ఉంటారు. ఐఎస్ఎల్ 2014లో మొదలైతే, ఒక భారతీయుడు ఒక క్లబ్‌కు శాశ్వత ప్రధాన కోచ్ కావడానికి 2021 దాకా పట్టింది. ఆయన ఖాలిద్ జమీల్, నార్త్ ఈస్ట్ యునైటెడ్. అంతకు నాలుగేళ్ల ముందే ఆయన ఐజాల్ లాంటి చిన్న జట్టుతో ఐ-లీగ్ గెలిచి ఉన్నారు. ఈ మధ్యలో ఎన్ని క్లబ్బులు, యూరప్‌లో ఎక్కడో కొలువు పోయిన కోచ్‌ను ఆయన ఆటతీరు మీద రెండు ముక్కలైనా తెలియకుండా విమానం ఎక్కించి తెచ్చాయో నాకు తెలుసు, మీకూ తెలుసు. 2025 మేలో సూపర్ కప్ ఫైనల్లో మార్కెజ్ గోవా 3-0తో ఓడించింది జమీల్ జంషెడ్‌పూర్‌నే. మూడు నెలలకు మార్కెజ్ ఖాళీ చేసిన భారత జట్టు కుర్చీలో కూర్చున్నది కూడా జమీలే. ఆయన కూడా జట్టును ఆసియా కప్‌కు చేర్చలేకపోయారు. మనవాడైతే చాలు గెలిపిస్తాడని నేను అనను. ఆ ప్రయత్నం ఏడేళ్ల ముందే మొదలై ఉంటే ఆయనలాంటివారు పదిమంది ఉండేవారు, ఎంచుకోవడానికి వీలుండేది అంటాను.

ఇక పందెం. మీరు పంపిన మాటల్లో రెండు సంగతులు ఉన్నాయి, ఒకటి మీ మిత్రుడిది, ఒకటి మీది. మొదటిది, తొలగించిన కోచ్‌ను ఏడాదిలోపు తీసుకున్న క్లబ్ "ఎప్పుడూ" బాగుపడదు అన్నది. పారిస్ తొలగించిన నెలకు చెల్సీ తీసుకున్న ట్యూకెల్ ఒక్కడు చాలు దాన్ని కొట్టేయడానికి; గ్రీస్ పంపిన ఎనిమిది నెలలకు లెస్టర్ తీసుకున్న రానియెరీ, ఆర్సెనల్ పంపిన ఎనిమిది నెలలకు విల్లారియల్ తీసుకున్న ఎమెరీ అదనం. అక్కడ మీ మిత్రుడు ఓడిపోయారు. రెండోది, పోస్టెకోగ్లూ ఫారెస్ట్‌ను బాగుచేస్తారని మీరన్నది. అక్కడ మీరు ఓడిపోయారు, అదీ చిన్నగా కాదు. కాబట్టి ఆ నెల టర్ఫ్ అద్దెలో చెరి సగం కట్టండి. సగం లెక్క సరిగ్గా తెగకపోతే ఆ పైన మిగిలిన రూపాయలు మీరే వేయండి, ఎందుకంటే మీ మిత్రుడు అన్న మాట తప్పయినా ఫారెస్ట్ ఆడిన మొదటి మ్యాచ్ చూసైనా మీరు పందెం వెనక్కి తీసుకోవలసింది.